ఫోనులో గెలిచేవాళ్ళు, బల్ల దగ్గర గెలిచేవాళ్ళు

దోహాలో ఒక నిర్మాణ కంపెనీ క్యాంపులో వెల్ఫేర్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన ఉద్యోగం ఇంకా ఉంది కాబట్టి అల్ మన్సూరాలోనే ఉంటున్నాం. మా ఫ్లాటు కింద టీ కొట్టు దగ్గర, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడూ కనబడి, "మేడం, ఇందులో ముఖ్యంగా నేర్చుకోవాల్సిందేంటి?" అని అడుగుతుంటారు. నీళ్ళ ట్యాంకులు కడిగించడం, బస్సులు వేళకి వచ్చేలా చూడటం, సాంబారులో ఉప్పు గురించి వంటవాడితో గొడవపడటం ఎలాగూ వాళ్ళకే వచ్చేస్తాయి. నేను చెప్పేది మాత్రం ఒక్కటే. పేకాట నేర్చుకోండి.

కంగారు పడకండి. ఈ దేశంలో జూదం నేరం. మా క్యాంపులో పైసా పందెం లేదు, రియాల్ అన్న మాట కూడా బల్ల దగ్గర వినబడకూడదని నేనే నియమం పెట్టాను. పందెం లెక్కకి బిళ్ళల బదులు టైల్స్ మధ్య సందు సమంగా రావడానికి పెట్టే ప్లాస్టిక్ స్పేసర్లు వాడేవాళ్ళు. చిన్న ప్లస్ గుర్తుల్లా ఉంటాయి. ఎర్రవి, తెల్లవి, నీలంవి. గెలిచినవాడి ముందు అవి కుప్ప పడితే, బాత్రూమ్ కట్టడానికి సామాను దించినట్టు ఉండేది.

ఆడేది పోకర్. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు విడతలు విడతలుగా తెరుస్తారు. మొత్తం ఏడింటిలో మంచివి అయిదు ఏరుకోవాలి. బాగుంటే పందెం పెంచాలి, బాగోకపోతే ముక్కలు పారేయాలి, ధైర్యం ఉంటే బాగోకపోయినా బాగున్నట్టు నటించి పెంచాలి. లోకమంతా ఈ ఆట ఆడేది ఆ మూడోదాని కోసమే.

ఫోనులో ఆడేవాళ్ళు గొప్పా, బల్ల దగ్గర ఆడేవాళ్ళు గొప్పా అని అందరూ వాదించుకుంటారు. నేను దగ్గరుండి తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఆ కథే ఇది.

గంగారాం బల్ల

మా క్యాంపులో ఏసీ బాగా పనిచేసే హాలు ఒక్కటే. శుక్రవారం భోజనాలయ్యాక అందులో మధ్య బల్ల గంగారాందే. జగిత్యాల వైపు మనిషి, పరంజా కట్టే ముఠాకి ఫోర్‌మన్. గల్ఫ్‌లోనే జుట్టు నెరిసింది. వినయం అన్నది అతని దగ్గర వెతికినా దొరకదు. "ఖతర్ మొత్తంల నా అసుంటి ఆటగాడు లేడు మేడం, లుసైల్ల ఒకడుండె, వాడు ఇంటికి పోయిండు" అని తనే చెప్పుకునేవాడు.

అతని ఆటంతా నోట్లో ఉంటుంది. ముక్కలు చూడకముందే ఎదుటివాడి పెళ్ళి సంగతి ఎత్తుతాడు, రాత్రి కూరలో ఏం వేశారని అడుగుతాడు, మధ్యలో హఠాత్తుగా ఆగి, "నీ తాన రాణి ఉన్నది తమ్మీ, నీ ముక్కు జెప్తున్నది" అంటాడు. అవతలివాడు ముక్కు పట్టుకుంటాడు. రాణి ఉన్నట్టు తేలిపోతుంది.

నేను మొదట్లో ఈ ఆటని కాలక్షేపం కింద లెక్కేశాను. నా అభిప్రాయం మార్చింది నర్సయ్య కుర్చీ. ప్రతి శుక్రవారం గంగారాం ఎదురుగా కూర్చునే తాపీ మేస్త్రీ నర్సయ్య. ఒకరోజు ఆట మొదలైనా రాలేదు. గంగారాం ముక్కలు పంచి, తనవి చూసుకుని, ఖాళీ కుర్చీ వైపు చూశాడు. "వీడు నా మీద గెలవకున్నా వస్తడు. రాలేదంటే ఏదో ఉన్నది" అని ముక్కలు బోర్లించి లేచాడు. వెళ్ళి చూస్తే నర్సయ్య గదిలో కింద పడి కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. అపెండిసైటిస్. ఆస్పత్రికి పరుగెత్తించాం, ఆపరేషన్ అయింది, మనిషి దక్కాడు.

మర్నాడు చూడటానికి వెళ్ళిన గంగారాం అన్న మొదటి మాట: "ఏం రా, ఆనాడే పడాల్నా? రెండు రాజులు పడ్డయి నాకు." నర్సయ్య కుట్లు పట్టుకుని నవ్వాడు. నర్సు వచ్చి ఇద్దర్నీ కేకలేసింది.

సర్క్యులరు వేసిన ఆట

తరవాత మా క్యాంపుకి వరప్రసాద్ గారని కొత్త మేనేజరు వచ్చారు. భీమవరం ఆయన. మంచి మనిషే, కాకపోతే ఏది కనబడినా ఒక పద్ధతిలో పెట్టేయాలని చేతులు దురద పెడతాయి. ముఐథర్‌లో ఉన్న తన ఇంటినుంచి క్యాంపుకి వచ్చేలోపు డ్రైవరు వెనక కూర్చుని ఫోనులో పోకర్ ఆడేవారు. డబ్బుల్లేని ఉత్తుత్తి ఆటే. అందులో ఆయన బొమ్మ కిరీటం పెట్టుకున్న సింహం.

వచ్చిన కొత్తలోనే హాల్లో ఆట చూసి, "పద్ధతి లేదండీ వీళ్ళకి" అని, ఏ ముక్కల వరస ఏ వరస కన్నా పెద్దదో టైపు చేయించి, సంతకం పెట్టి, కంపెనీ స్టాంపు వేసి గోడకి అంటించారు. అందులో రెండు వరసలు తారుమారయ్యాయి. ఒకే గుర్తువి అయిదు ముక్కలు పడితే ఫ్లష్ అంటారు. అది వరస అంకెల కన్నా పెద్దది. ఆయన కాగితంలో చిన్నదైపోయింది. క్యాంపు మొత్తం వారాల తరబడి ఆ కాగితం ప్రకారమే తలకిందులుగా ఆడింది.

"తప్పని తెలుసు కదా గంగారాం, ఎందుకు ఆడుతున్నారు?" అని అడిగాను.

"స్టాంపు ఉన్నది మేడం" అన్నాడు చాలా మర్యాదగా. "నిరుడు కూలర్ మీద 'నీళ్ళు మాఫీ', అంటే నీళ్ళు లెవ్వని, స్టాంపేసి కాయితం అంటించిండ్రు. కూలర్ల నీళ్ళు సల్లగ వస్తనే ఉండె. ఎవ్వలమన్న తాగినమా?"

కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. స్టాంపు చేతిలోకి తీసుకునే ముందు కాగితం ఇంకొకరికి చూపించండి. మీ మాట తప్పని మీకు ఎవరూ చెప్పరు. చక్కగా పాటిస్తారు.

ఇంకొన్నాళ్ళకి వరప్రసాద్ గారికి పెద్ద ఆలోచన వచ్చింది. హాల్లో బల్లలు తీసేసి, గోడల వెంట చిన్న చిన్న క్యాబిన్లు కట్టించి, ఒక్కొక్కదానిలో ఒక కుర్చీ, ఒక చార్జింగు పాయింటు, వైఫై పెట్టాలని. "అందరూ ఫోన్లలోనే ఉంటున్నారు కదండీ సుశీల గారూ, ఇంకా ఈ బల్లలెందుకు? బల్ల దగ్గర ఆడేవాళ్ళకి ఆట రాదండి బాబూ, కబుర్లు వచ్చు. అసలైన ఆటగాళ్ళంతా ఫోన్లోనే ఉన్నారు."

నర్సయ్య సంగతి చెప్పాను. క్యాబిన్లో మనిషి రాకపోతే ఎవరు చూస్తారని అడిగాను. "దానికి వేరే అటెండెన్సు యాప్ పెడదామండీ" అన్నారు.

ఈ మాట గంగారాం చెవిన పడింది. తిన్నగా ఆఫీసుకి వచ్చాడు. "సారూ, ఫోన్ల మనిషి ఆడుతడా? బొటనేలు ఆడుతది. దమ్ముంటే నా బల్ల మీద కూసో."

"ఆయ్, నువ్వు నా ఫోన్లో కూర్చో ముందు."

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. ఒక శుక్రవారం ఫోనులో, తరవాతి శుక్రవారం బల్ల మీద. మొదటిది ఎవరు గెలిచినా, హాలు ఎవరిదన్నది రెండోదానితోనే తేలాలి. బల్ల మీద కూడా ఫోనువాళ్ళే గెలిస్తే క్యాబిన్లు, గంగారాం పక్షం గెలిస్తే బల్లలు. తీర్పు నాది. నాకా, అప్పటికి జాకీకి, రాజుకీ తేడా కిరీటం చూసి గుర్తుపట్టేంత జ్ఞానమే ఉంది. ఆ వారమంతా నర్సయ్య దగ్గర కూర్చుని నియమాలు నేర్చుకున్నాను.

పెంగ్విన్ ముఖం

వరప్రసాద్ గారు తన పక్షానికి తెచ్చుకున్న అసలు ఆయుధం మహేష్. సిరిసిల్ల మనిషి, ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. పాతికేళ్ళు దాటాయి కానీ అతని గొంతు విన్నవాళ్ళు తక్కువ. టీ విరామంలో, బస్సులో, బట్టలు ఉతికే మిషను తిరుగుతున్నంతసేపూ ఫోనులో పోకరే. ఎన్ని ఆటలు ఆడి ఉంటాడో అతనికే తెలియదు.

ఫోను ఆట ఫోను ఆటలాగే ఉండాలని వరప్రసాద్ గారు ఒక్కొక్కర్నీ ఒక్కో గదిలో కూర్చోబెట్టారు. గంగారాంకి బట్టలుతికే గది వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. తెరమీద సింహం, మహేష్ బొమ్మగా పెట్టుకున్న పెంగ్విన్ కనబడుతున్నాయి.

గంగారాం ముక్కలు చూడలేదు. ఫోనుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పెంగ్విన్‌ని చూస్తున్నాడు. "మేడం, గీ పెంగ్విన్ అబద్ధమాడుతున్నది."

"అది బొమ్మ గంగారాం. ఎప్పుడూ అలాగే ఉంటుంది."

"కండ్లు జూడుండ్రి మీరు. నా ఉమ్మర్ల గిసుంటి కండ్లు ఎన్ని జూసిన." అని ఉన్నవాటిలో సగం పెట్టేశాడు. పెంగ్విన్ దగ్గర నిజంగానే మంచి ముక్కలున్నాయి. సగం పోయాయి.

తరవాత అతనికి రెండు ఆసులు వచ్చాయి. అంతకన్నా మంచి ఆరంభం పోకర్లో లేదు. అలవాటు ప్రకారం కాసేపు ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కుంటూ, తన మొదటి కంపెనీలో ఒక సూపర్‌వైజరు కథ మొదలుపెట్టాడు. ఫోనులో ఆలోచించడానికి గీత ఒకటి తరిగిపోతూ ఉంటుంది. అది అయిపోయేలోపు నొక్కాలి. "నొక్కు, నొక్కు" అని నేను అరుస్తుండగా తెరమీద ఇంకో ముఖం వచ్చింది. గంగారాం భార్య, వీడియో కాల్. కంగారులో దాన్నే నొక్కాడు.

"ఏందయ్యా, దుబాయ్‌ల పని లేదా? పట్టపగలు ఆ మేడం పక్కకు కూసొని పత్తాలాడుతున్నవా?"

గల్ఫ్‌లో ఎక్కడున్నా ఆమెకి అది దుబాయే. నేను తెరలోంచి పక్కకి జరిగాను. గంగారాం, "కంపెనీ డ్యూటీ ఇది, జర ఆగు" అని ఆమెకి సర్దిచెప్పేలోపు ఫోను అతని ఆసులు రెండూ తీసి పారేసి, అవతలివాళ్ళకి మళ్ళీ పంచేసింది. కాల్ పెట్టేసి చూసుకుని అతను మొదట నమ్మలేదు. "నేనున్న గద మేడం! గిడనే ఉన్న! ఒక్కడన్న అడుగుతలేడేంది, గంగారాం ఏడికి పోయిండని?"

ఫోనువాళ్ళు గెలిచారు. అదీ ఇదీ అనకుండా గెలిచారు. తరవాత మహేష్ ఆడిన తీరు ఫోనులో వెనక్కి తిప్పి చూపించమన్నాను. చూస్తే అతను ఆడింది తక్కువ, పారేసింది ఎక్కువ. పారేసినవాటి గురించి బాధ లేదు. ఎదుటివాడు ఎంత పెంచాడు, దానికి ఎంతవరకూ వెళ్ళొచ్చు అన్నది తూకం వేసినట్టు వేస్తాడు. నా అభిప్రాయం దాచను. ఆట వరకే చూస్తే ఫోను ఆటగాళ్ళే మెరుగు. బల్ల దగ్గర ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చూసేన్ని పంపకాలు వాళ్ళు అన్నం తినేలోపు చూసేస్తారు. అన్నిసార్లు ఓడినవాడికి ఓటమి ఎటునుంచి వస్తుందో తెలిసిపోతుంది. గంగారాం దీన్ని ఇప్పటికీ ఒప్పుకోడు. ఒప్పుకోనక్కర్లేదు.

మబ్బు పట్టిన ముఖం

రెండో శుక్రవారం హాలు కిక్కిరిసింది. వంటవాడు కూడా గరిటెతో వచ్చి నిలబడ్డాడు.

వరప్రసాద్ గారికి మొదటి పంపకంలోనే ఇబ్బందులు మొదలయ్యాయి. ఆయన వంతు వచ్చిందని ఆయనకి తెలియదు. ఫోనులో గంట మోగుతుంది, బల్ల మోగదు. ముక్క పారేయాలనుకున్నప్పుడు దాని మీద వేలు పెట్టి పైకి తోసేవారు. ఫోనులో ఆయన ముక్కలు ఇంకెవరికీ కనబడవు కాబట్టి ఇక్కడ కూడా విసనకర్రలా విప్పి పట్టుకున్నారు.

"సారూ, జర దగ్గరికి పట్టుకో" అన్నాడు గంగారాం. "నీ రాణి నన్ను జూసి నవ్వుతున్నది."

అన్నిటికన్నా ఆయన్ని చంపింది విసుగు. ఒకరు కలపాలి, ఒకరు కోయాలి, పంచాలి, మధ్యలో గంగారాం కథ వినాలి. "ఏంటండీ ఈ నత్త నడక, ఫోన్లో అయితే ఈపాటికి ఎన్ని ఆటలయ్యేవి" అంటూ, ఊరికే కూర్చోలేక పనికిరాని ముక్కలతో కూడా ఆడారు. అందరికన్నా ముందు బయటికి వచ్చేశారు. బల్ల దగ్గర నేర్చుకోవాల్సిన మొదటి విద్య ఏమీ చేయకుండా కూర్చోవడం. ఫోను అది నేర్పదు.

మహేష్ కష్టం వేరు. ఆట బాగానే సాగుతోంది కానీ ఒళ్ళు మాట వినదు. మంచి ముక్క పడితే చేతులు వణికేవి, చెవులు ఎర్రబడేవి, మోకాలు బల్లకి తగిలి అందరి స్పేసర్లూ గలగలలాడేవి. గంగారాం చెవుల్ని చూసి ముక్కలు చెప్పేస్తున్నాడు.

వరప్రసాద్ గారు పరుగెత్తుకెళ్ళి స్టోరులోంచి, గ్రైండింగ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు తగలకుండా పెట్టుకునే అద్దపు ముఖ కవచం తెచ్చారు. హెల్మెట్‌తో సహా. చెవులు కప్పడానికి చప్పుడు వినబడకుండా పెట్టుకునే మఫ్లు కూడా. నియమాల్లో వద్దని ఎక్కడా లేదు కాబట్టి ఒప్పుకున్నాను. మహేష్ అవన్నీ తగిలించుకుని, చంద్రుడి మీద దిగినవాడిలా కూర్చున్నాడు. ఏం మాట్లాడినా వినబడదు కాబట్టి గంగారాం కథలూ పనిచేయలేదు. కాసేపు గంగారాం నిజంగా దిగులుపడ్డాడు.

ఆ తరవాత గంగారాం పక్షాన ఆడుతున్న నర్సయ్య మెల్లగా అన్నాడు, "కాకా, అద్దం జూడు."

మంచి ముక్కలు పడగానే మహేష్ గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. కవచం లోపల ఆవిరి పడుతోంది. చెడ్డ ముక్కలైతే అద్దం తేటగా ఉంటుంది. అక్కణ్ణుంచి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి ఆట సులువైపోయింది. ఆవిరి కమ్మగానే, "మబ్బు వట్టింది, యల్లా, జల్ది పారేయుండ్రి" అని గంగారాం, అందరూ ఒకేసారి ముక్కలు పారేసేవాళ్ళు. ఎవరూ పందెం పెట్టకపోతే మంచి ముక్కలుండి ఏం లాభం? చివరికి మహేష్‌కి విషయం అర్థమై, కవచం తీసి కింద పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇట్లనే ఆడుత" అన్నాడు. ఆ రోజు అతని నోట వచ్చిన మొదటి మాట అదే.

మిగతావాళ్ళు స్పేసర్లు అయిపోయి ఒక్కొక్కరే లేచిపోయారు. ఆఖరికి మహేష్, గంగారాం మిగిలారు. ఇద్దరే మిగిలితే ఒక్క పంపకంతో తేల్చేయాలని ముందే అనుకున్నాం.

మధ్యలో తెరిచిన ముక్కల్లో మూడు ఇస్పేటు, వాటిలో ఒకటి జాకీ. గంగారాం చేతిలో ఇంకో రెండు జాకీలు ఉన్నాయని నాకు తరవాత తెలిసింది. అంటే మూడు జాకీలు. మంచి ముక్కలే, కానీ ఫ్లష్ ముందు నిలవవు. మహేష్ తన రెండు ముక్కలు ఇంకోసారి చూసుకుని, ముందున్న స్పేసర్లన్నీ రెండు చేతులతో మధ్యలోకి తోశాడు.

చేతులు వణకలేదు. చెవులు మామూలుగా ఉన్నాయి. మోకాలు కదల్లేదు. ఫోర్క్‌లిఫ్ట్‌తో ఇటుకల పేర్పు దించి పక్కకి జరిగినంత నెమ్మదిగా వెనక్కి వాలాడు.

గంగారాం కథలు చెప్పలేదు.  మహేష్ కళ్ళలోకి అలా చూస్తూనే ఉన్నాడు.  ఎట్టకేలకి, "వీడు నటిస్తలేడు. వీని తాన ఫ్లష్ ఉన్నది. నాకు ఎరికే" అని తన ముక్కలు బోర్లించి పారేశాడు.

"ఖలాస్" అన్నాడు ఎవరో.

వరప్రసాద్ గారు గాల్లోకి ఎగిరారు. మహేష్ ఎంతో గర్వంగా, ఎవరూ అడక్కపోయినా, తన ముక్కలు తిప్పి చూపించాడు. "ఫ్లష్" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకటి ఇస్పేటు. రెండోది కళావరు.

మహేష్ ఆడే ఫోను ఆటలో తికమక రాకుండా నాలుగు గుర్తులకీ నాలుగు రంగులు ఇస్తారట. కళావరు ఆకుపచ్చ, డైమన్ నీలం. నలుపు కనబడిందంటే ఇస్పేటే. ఏళ్ళ తరబడి ఆ కళ్ళతోనే చూశాడు. ఇక్కడ రెండూ నలుపే. అతని చేతిలో ఫ్లష్ లేదు, జత లేదు, ఏమీ లేదు. కానీ ఉందని మనసారా నమ్మాడు. గంగారాం ఆ నమ్మకాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివాడు. చదవడంలో తప్పు లేదు. అతను చదివిన ఆ నమ్మకమే తప్పు.

గంగారాం నా వైపు తిరిగాడు.  "మేడం... కళావరు మేడం..."

"నువ్వు పారేశావు గంగారాం. పారేసిన ముక్కకి ప్రాణం లేదు. మహేష్ గెలిచాడు" అన్నాను. నాకు బల్లలు ఉండాలని ఎంత ఉన్నా నియమం నియమమే. బల్ల మీద ఒకసారి తీర్పు వంకరపోతే మరుసటి శుక్రవారం నుంచి ఎవరూ కూర్చోరు. అది నా ఉద్యోగంలో నేను చెప్పిన తీర్పుల్లోకెల్లా కష్టమైనది.

అప్పుడు గంగారాంకి మాట వచ్చింది. అలాంటి తిట్లు నేను మళ్ళీ వినలేదు. మహేష్‌నీ, మహేష్ కళ్ళనీ, ఆ ఫోను తయారుచేసినవాణ్ణీ, కళావరుకి ఆకుపచ్చ రంగు వేసినవాడి ఏడు తరాల్నీ వదల్లేదు. "మూడు జాకీలు రా! మూడు! కండ్లున్నయా గాజు గోలీలున్నయా? ఇస్పేటుకు కాడ ఎట్లుంటది, కళావరుకు ఆకులు ఎన్నుంటయి, బళ్ళె జెప్పలేదా నీకు?" హాలంతా పడిపడి నవ్వుతోంది. మహేష్ తలవంచుకుని వింటున్నాడు, కానీ భుజాలు కదులుతున్నాయి. అతను నవ్వగా అప్పుడే చూశాను.

వరప్రసాద్ గారు క్యాబిన్ల నమూనా గీయించిన కాగితం బల్ల మీద పరిచారు. "గెలిచింది నువ్వు, మొదటి క్యాబిన్ నీదే మహేష్. కిటికీ పక్కది ఇచ్చేస్తున్నానయ్యా."

మహేష్ కాగితం వైపు చూశాడు. గంగారాం వైపు చూశాడు. "వద్దు సార్" అన్నాడు.

"వద్దా? ఎందుకు వద్దు? ఫోన్లో నీ అంత ఆడేవాడు లేడు కదా."

"ఫోన్ల శానసార్లు గెలిచిన సార్" అన్నాడు మహేష్. సిగ్గుపడుతూ చెప్పాడు. "ఒక్కసారి గూడ నన్నెవ్వరు తిట్టలే."

 చుట్టూ ఇంకా కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్న జనాన్ని వరప్రసాద్ గారు ఒకసారి చూశారు. తరవాత కాగితాన్ని నెమ్మదిగా మడిచి జేబులో పెట్టుకున్నారు.

గంగారాం నర్సయ్యని జరగమని, తన పక్కన కుర్చీ లాగాడు.

"అయితే ఇట్ల వచ్చి కూసోరా" అన్నాడు. "నేను ఇంకా సగం గూడ తిట్టలే."